దుక్కిలో గుడ్లబుట్ట

ముందు ఎడమ చక్రం దగ్గర కటకట. ఎలాంటి కటకటో పాత కారున్నవాళ్లకి వర్ణించక్కర్లేదు, లేనివాళ్లకి వర్ణించి ప్రయోజనం లేదు. అయినా రోజుల తరబడి నన్ను కాల్చుకు తింటున్నది ఆ చప్పుడు కాదు. దానికి మందు చెప్పేవాళ్లు.

కారు ఫోర్డ్ ఐకాన్, 1.6 పెట్రోలు. 1999లో మన దేశంలో దిగినప్పుడు ‘జోష్ మెషీన్’ అని టీవీల్లో ఊదరగొట్టారే, అదే. నా లెక్కలో అది స్పోర్ట్స్ కారే. నాలుగు తలుపులూ, బియ్యం బస్తాలు పట్టే డిక్కీ ఉన్నదాన్ని స్పోర్ట్స్ కారంటావేమిటని అడుగుతారు. అంబాసిడర్లూ పద్మినీలూ ఆయాసపడుతూ నడిచిన బందరు రోడ్డు మీదికి తొంభై గుర్రాల పైచిలుకు ఇంజను వచ్చి పడితే ఇంకేమనాలండీ? ఉయ్యూరు దాటాక కాలు గట్టిగా వేస్తే వీపు సీటుకి అతుక్కుపోయేది. ఇప్పుడు వీపు సీటుని వదిలేసి టాపు వైపు ప్రయాణం కడుతోంది. షాకబ్జర్లు నూనె కక్కేశాయి.

మార్చాలి. అంతవరకూ ఎవరికీ పేచీ లేదు. ‘ఎలాగూ మారుస్తున్నావు కదా’ అన్న దగ్గర మొదలైంది అసలు కథ. ఎలాగూ అంటూ మొదలైన ఖర్చు ఏ ఇంట్లోనూ అనుకున్న చోట ఆగలేదు.

మొదట అన్నవాడు డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడు. వాడికి మాజ్డా మియాటా ఉంది. అది నిజం స్పోర్ట్స్ కారు: రెండే సీట్లు, టాపు తీసేయొచ్చు. “ఎలాగూ మారుస్తున్నావు కదా మావయ్యా, స్టాండర్డ్‌వి ఎందుకు? కాయిలోవర్స్ వేయించెయ్” అన్నాడు. అంటే షాకూ స్ప్రింగూ కలిసిన సెట్టు. మర తిప్పితే కారు కిందికి దిగుతుంది. పైనున్న బుడిపె తిప్పితే గట్టిదనం ముప్పై రకాలుగా మారుతుంది. మా లోపలి ఊళ్ల రోడ్లకి ముప్పై ఎక్కడ చాలుతాయిరా అన్నాను. ధర కూడా చెప్పాడు. ఆ డబ్బుకి ఇలాంటి ఐకాన్ ఇంకోటి వస్తుంది. దాని షాకులూ పోయే ఉంటాయి, అది వేరే సంగతి.

తరవాత విజయవాడ ఆటోనగర్. పాత లారీ లోపలికెళ్లి కొత్త లారీగా బయటికొచ్చే చోటు కాబట్టి అక్కడ కాదన్న మాట వినపడదు. “ఇంపోర్టెడ్ గొడవలు మనకెందుకు గురువుగారూ, స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బుడ్డీలు దూర్చేస్తాను, లారీలా లేస్తది” అన్నాడు ఒక మేస్త్రీ. పక్క షెడ్డులో ఆయన సరిగ్గా తిరగేసి చెప్పాడు: స్ప్రింగుకి ఒక చుట్టు కోసి పారేస్తే బండి రోడ్డుకి కరుచుకుంటుందిట. ఇంటికొస్తే ఎదురింటి పెద్దాయన అరుగు మీంచే తీర్పిచ్చారు: “కమాన్ కట్టలకి మించింది లేదోయ్. అంబాసిడరు కొనుండాల్సింది.” ఏ కారుకి ఏ జబ్బు చేసినా ఆయన మందు అంబాసిడరే. మా బావమరిది మాత్రం ఒక్క ముక్కలో తేల్చాడు: “అమ్మేసి ఎత్తు బండి కొనుక్కోండి బావగారూ.”

వీళ్లెవరికీ పట్టని చిన్న సంగతి ఒకటుంది. బరువు మోసేది స్ప్రింగు. షాకబ్జరు బరువు మోయదు. ఎగిరిన స్ప్రింగుని మళ్లీ మళ్లీ ఎగరనివ్వకుండా పట్టి ఆపుతుంది, అంతే. ఐకాన్ ముందు చక్రాలకుండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు ఆలోచన అది. 1950ల మొదట్లో ఇంగ్లండు ఫోర్డు వాళ్లు కాన్సుల్ కారుకి పెట్టారు, ఇవాళ మన వీధిలో ఉన్న చిన్న కార్లన్నిటికీ దాదాపు అదే. అందులో చక్రం పైకీ కిందికీ కదలడానికి ఉన్న చోటు కొంచెమే. కారుని దించితే ఆ కొంచెం ఇంకా తగ్గుతుంది. అందుకని స్ప్రింగు గట్టిది వేయాలి. గట్టిది వేస్తే గుంత సంగతి స్ప్రింగు పట్టించుకోదు, నేరుగా మన వెన్నుపూసకి అప్పజెబుతుంది.

బందరు హైవే నాలుగు వరసలైంది, నునుపు తేలింది, కాదనను. కానీ హైవే మీద ఎవరూ కాపురముండరు కదా! పామర్రులో దాన్ని వదిలి లోపలికి తిరగ్గానే నల్లరేగడి రాజ్యం. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. దాని నెత్తిన తారు పోసి కదలకుండా ఉండమంటే ఎలా ఉంటుంది? చాలదన్నట్టు దమ్ము చేసిన ట్రాక్టరు ఇనప కేజీవీల్స్ విప్పకుండానే చేలోంచి రోడ్డెక్కుతుంది.

ఇక్కడ స్పీడ్ బ్రేకర్ల గురించి రెండు మాటలు చెప్పుకుని ముందుకెళదాం. రెండే.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో రాసి పెట్టారు. వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, పైన గుండ్రం, గంటకి 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటేట్టు. మీద చారలు, ముందు హెచ్చరిక బోర్డు. చదువుతుంటే కళ్లు చెమర్చాయి. మా వైపు స్పీడ్ బ్రేకర్లు ఆ గ్రంథం చదువుకోలేదు, అవి జాతుల వారీగా పుడతాయి. మొదటిది స్లాబు జాతి: ఎవరింటికో స్లాబు వేయగా తట్టెడు కాంక్రీటు మిగులుతుంది, పారేయడానికి మనసొప్పదు, తెల్లారేసరికి వీధికి అడ్డంగా జానెడు వెడల్పున గోడ పడుకుని ఉంటుంది. రెండోది హోదా జాతి: ఊరి చివర ఒంటరి ఇంటి ముందు దిమ్మ ఉందంటే ఆ ఇంట్లో ఒకప్పుడు పదవి ఉండేదన్నమాట. పదవి పోతుంది, దిమ్మ పోదు. మూడోది తిరగబడ్డ జాతి: పైపు కోసం రోడ్డుని అడ్డంగా కోసి మట్టి పోసి వెళ్లిపోతారు, మొదటి వానకే మట్టి దిగిపోయి దిమ్మకి బదులు గాడి మిగులుతుంది. నాలుగోది గీతల జాతి: వరసగా అరడజను గీతలు, కట్టుడు పళ్లున్నవాళ్లు నోరు గట్టిగా మూసుకుని దాటాలి. అయిదోది సీజను జాతి: కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం, చుట్టూ కాపలాగా బండరాళ్లు, మినుములప్పుడు రోడ్డు నిండా మినపకట్టె, చక్రాల కింద నలిగి గింజ రాలాలని. నా ఐకాన్ ఎంతమంది మినుములు నూర్చిపెట్టిందో లెక్కలేదు. కూలి ఒక్కరూ ఇవ్వలేదు.

రెండు మాటలన్నాను, నిజమే. కానీ దిమ్మని దాటే పద్ధతి చెప్పకుండా ఎలా వదిలేస్తాను? కిందికున్న కారు నేరుగా ఎక్కితే పొట్ట గీసుకుంటుంది. అందుకని ఐమూలగా వెళ్లాలి, ఒక్కో చక్రాన్నీ విడివిడిగా బతిమాలుతూ. అప్పుడు ఎదురుగా వచ్చే మోటార్ సైకిలాయన మనం తన మీదికే వస్తున్నామనుకుంటాడు. ఆయన ఆగుతాడు, మనం ఆగుతాం, వెనక బస్సు హారను కొడుతుంది, నాలుగో చక్రం దిమ్మ మీదే ఉంటుంది. కూచిపూడి దగ్గరే కాబట్టి కారు నాట్యం చేస్తోందన్న జోకు మాత్రం దయచేసి వేయకండి. దాన్ని వేయనివారు ఈ చుట్టుపక్కల మిగల్లేదు.

సరే, విషయానికొద్దాం. ఫ్రాన్సులో సిట్రోయెన్ వాళ్లు రైతుల కోసం ఒక కారు తయారుచేసి 1948లో పారిస్ ప్రదర్శనలో పెట్టారు, పేరు 2సీవీ. దున్నిన చేలో అడ్డంగా నడిపినా బుట్టలో కోడిగుడ్లు పగలకూడదన్నది దానికి పెట్టిన షరతని చెబుతారు. మెత్తని పొడుగాటి స్ప్రింగు కదలికతో సాధించారు. ఇంగ్లండు లోటస్ వారిది అచ్చంగా రేసు మనసు, అయినా రోడ్డు కార్లకి స్ప్రింగులు మరీ బిగించరు, షాకుల్ని మాత్రం ఓపిగ్గా కుదురుస్తారు. వేగానికైనా సుఖానికైనా చెడ్డ రోడ్డు మీద కిటుకు ఒకటే. దుక్కి మనకి ఇంటి ముందే ఉంది. కావలసింది గుడ్లబుట్ట కారు, రేసు కారు కాదు.

చట్టం కూడా ఆ పక్షమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ లెక్కకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. పదిహేనేళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే 600 రూపాయలుండే రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. అంత కట్టి, ఫిట్‌నెస్ చూపించి తెచ్చుకున్న కాగితాన్ని కాయిలోవర్ల కోసం ప్రమాదంలో పెట్టలేను. నేను మారిస్తే నేరం, గుంతలు మారిస్తే ఏ సెక్షనూ లేదు.

ఒకటి మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది. ఇన్ని సలహాల్లో రోడ్డు బాగుచేయమని అడుగుదామన్న మాట మాలో ఒక్కరి నోటా రాలేదు. కాలవ పక్కనే పారుతుంటే నీళ్ల టిన్నులు కొనడం అలవాటైంది. కరెంటు పోతే ఇన్వర్టరు కొన్నాం. రోడ్డు పోతే ఎత్తు బండి కొంటున్నాం. స్తోమతున్నవాడు కావలసినంత ఎత్తు కొనుక్కుని గుంతల మీంచి వెళ్లిపోతున్నాడు. సైకిలు మీద పాలు పోసే అబ్బాయీ, నెలలు నిండి ఆటోలో ఆసుపత్రికి వెళ్లే పిల్లా ఎత్తు కొనలేరు. పెద్ద రైతు బండీ చిన్న రైతు బండీ ఒకే గుంతలో దిగబడిన రోజుల్లో ఆ గుంతని ఎవరో ఒకరు పూడ్పించేవారు.

తీర్పు చెప్పేస్తాను. పాత కారున్నవారెవరైనా స్ప్రింగుల జోలికి పోయేముందు రబ్బరు బుష్‌లు మార్పించండి. రబ్బరు తిరిగిన కిలోమీటర్లు చూడదు, ఏళ్లు చూస్తుంది. మన మే నెల ఎండకి మరీ తొందరగా రాయైపోతుంది. తరవాత లింక్ రాడ్లు, బాల్ జాయింట్లు, పైన మౌంటింగులు. షాకులు కంపెనీ లెక్కవే, జతగా. టైరు సైజు పెంచొద్దు, గాలి చూసుకోండి, ఎలైన్‌మెంట్ చేయించండి. సగం జబ్బులు అక్కడే కుదురుతాయి, డల్లాస్ దాకా ఫోను చేయక్కర్లేదు.

ఇక కారు లేనివారికి ఒక మనవి. మీ వీధి దిమ్మని తవ్వమని అడగను, అది మీ పరువు. పండక్కి గోడలకి వేయగా కాస్త సున్నం మిగిలితే దాని మీద రెండు చారలు గీయండి. రాత్రిపూట వచ్చేవాడికి కనబడితే చాలు.