బెల్టు పంచాయితీ

(పెదనందిపాడు నుంచి గుంటూరు పోయే రోడ్డు పక్కన మెకానిక్ షెడ్డు. ముందు పాత టాటా ఏస్. వెనక తేజ మిర్చి టిక్కీలు, పైన పట్టా. బంపరుకు నిమ్మకాయ, మిరపకాయల దండ.)

ఓనరు: మేస్త్రీ, బేగి చూడు. ఇవాళ శుక్రవారం. యార్డుకు అందకపోతే సోమవారం దాకా కూర్చోవాలి. అప్పటికి రేటు ఏమవుద్దో!

మెకానిక్: ఎట్టా ఆగిందన్నా?

ఓనరు: నిక్షేపంగా పోతా పోతా ఠక్కున ఆగింది. పొగ లేదు, చప్పుడు లేదు.

బాబాయి: డీజిల్‌లో నీళ్లు. నాకు బానెట్టు ఎత్తకుండానే తెలిసిపోయిద్ది.

మేనల్లుడు: కాదు తాతయ్యా, సెన్సరు. యూట్యూబులో చూశా.

మెకానిక్: ఈ మోడలుకు నువ్వు చెప్పే సెన్సరు లేదు బాబూ. ఏదీ, సెల్ఫ్ కొట్టు.

(ఇంజిన్ ఏ బరువూ లేనట్టు గిర్రున తిరిగింది.)

మెకానిక్: ఆపాపు! కంప్రెషన్ ఉన్న ఇంజిన్ ఇంత తేలిగ్గా తిరగదు, మూలుగుతా తిరుగుద్ది. ఇప్పటికి ఎన్నిసార్లు కొట్టారు?

మేనల్లుడు: లెక్కపెట్టలా. తర్వాత నలుగురం తోశాం. ట్రాక్టరు కట్టి సెకండు గేరులో లాగించాం కూడా.

మెకానిక్: మంచి పని చేశారు. మంచి వాల్వు ఒకటో రెండో మిగిలుంటే వాటినీ వంచేశారు.

(టైమింగు కవరు విప్పాడు. బెల్టు తెగలేదు గానీ క్రాంకు పుల్లీ దగ్గర జానెడు మేర పళ్లు ఊడి నున్నగా ఉంది. వీపు నిండా నెర్రెలు. క్యామ్ సీలు నుంచి కారిన ఆయిలు పీల్చుకుని ఉబ్బి ఉంది.)

బాబాయి: చూశావా, తెగలా! పళ్లున్న వైపు కిందికి తిప్పి వెయ్యి.

మెకానిక్: ఇదేమన్నా పంచె అనుకున్నావా పెద్దాయనా, చిరిగిన వైపు లోపలికి మడిచి కట్టుకోడానికి? క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది ఈ పళ్లే. అవి పోతే పిస్టన్ పైకొచ్చే వేళకు వాల్వు కిందికి దిగి ఉంటది. డీజిలింజనులో రెంటికీ మధ్య సందు ఎంతని? గుద్దుకుంటే వంగేది వాల్వే.

ఓనరు: మరి ముందుగా ఒక్క కూతన్నా కూయాలి కదా! బేరింగు పోతే అరుస్తది, క్లచ్ పోతే వాసనొస్తది.

మెకానిక్: ఇది నోరు లేనిది. అందుకే ఇన్ని కిలోమీటర్లకు మార్చమని పుస్తకంలో రాశారు.

బాబాయి: రాయరూ మరి, బెల్టులు అమ్ముకోవాలిగా! 1922లో ఈ పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి గారి వెనక నిలబడి తెల్లవాడికే పన్ను కట్టం పొమ్మన్న గడ్డ ఇది. పుస్తకంలో రాశారని బెల్టు మారుస్తామా?

మెకానిక్: తెల్లవాడితోనన్నా రాజీ మాట్లాడుకోవచ్చు. పిస్టన్‌తో కుదరదు. అన్నా, లోడెంత?

ఓనరు: ముప్పై ఆరు టిక్కీలే.

మెకానిక్: టిక్కీ 40 కిలోలేసుకున్నా 1,440. ఈ బండికి చెప్పింది 750.

బాబాయి: హిందీవాళ్లు దీన్ని ఛోటా హాథీ అంటారు. ఏనుగన్నాక ఆమాత్రం మొయ్యదూ!

మెకానిక్: వెనక పద్నాలుగు క్వింటాళ్ల మిర్చి పెట్టుకుని ముందర ఏడు మిరపకాయలు కట్టావు. వాటినన్నా మారుస్తుంటావా?

ఓనరు: శనివారం శనివారం. వారం తప్పను!

మెకానిక్: బెల్టు?

ఓనరు: బండి కొన్ననాడు ఏదుందో అదే.

మెకానిక్: చేలో తామర పురుగు కనపడకముందే మూడు మందులు కలిపి కొడతావు. బెల్టు దగ్గరికొచ్చేసరికి ఆ ముందుచూపు ఏమైద్ది?

ఓనరు: మందుల కొట్టాయన పంట మీద అరువిస్తాడు. నువ్విస్తావా బెల్టు?

మెకానిక్: (గొంతు సవరించుకుని) సరే, పనిలోకొద్దాం. హెడ్డు దించాలి. వాల్వులు నాలుగూ చూడాలి, గైడ్లు చూడాలి, గ్యాస్కెట్ కొత్తది. బెల్టుతో పాటు టెన్షనర్ బేరింగు, ఆ కారే సీలు. సీలు వదిలేస్తే కొత్త బెల్టూ ఆయిలు తాగుద్ది. ఇవాళ అవదు, ఇంకో బండి పిలిచి టిక్కీలు మార్చుకో.

బాబాయి: వీళ్ల చిట్టాలు ఇట్టాగే ఉంటాయి. ముందు బెల్టొక్కటే వేసి చూడమను.

మెకానిక్: వేస్తా. వంగిన వాల్వు మూసుకోదు, కంప్రెషన్ రాదు, ఆ బెల్టు డబ్బులూ దండగ.

మేనల్లుడు: టైమింగు నేను కడతా మావయ్యా. మార్కులు కలపటమేగా!

మెకానిక్: కలిపి, టెన్షనర్ బిగించి, స్పానరుతో చేత్తో క్రాంకును రెండు చుట్లు తిప్పి, మార్కులు మళ్లీ చూసుకోవాలి. ఎక్కడన్నా తట్టితే ఆగాలి. ఆ తర్వాతే సెల్ఫ్.

మేనల్లుడు: ఆ ముక్క దగ్గర వీడియో ముందుకు జరిపా.

ఓనరు: సరే కానీ మేస్త్రీ, మళ్లీ ఎప్పుడు మార్చాలి?

మెకానిక్: కిలోమీటర్లు చూసుకుని. మీటరు ఎంత చూపిస్తోంది?

ఓనరు: దాని కేబులు నేనే పీకించా.

మెకానిక్: అయితే ముందు అది పెట్టించు.

ఓనరు: భలేవాడివే! అది తిరిగితే, బండి ఎంత తిరిగిందో రేపు కొనేవాడికి తెలిసిపోదూ!