పిల్లలతో ట్యాంక్‌బండ్: ఏడు ఎదురు సలహాలు

సెలవులు దగ్గరపడితే అమీర్‌పేట, పంజాగుట్ట అపార్టుమెంట్లలో ఒక ఆదివారం హుస్సేన్‌సాగర్‌కు ఖాయమవుతుంది. దానికి అందరూ చెప్పే సలహాలూ ఒకటే. పొద్దున్నే బయల్దేరండి, లుంబినీ పార్కు చూడండి, బోటెక్కండి, ఎన్టీఆర్ గార్డెన్స్ తిప్పండి, జలవిహార్‌లో ఆడించండి, చీకటి పడ్డాక నెక్లెస్ రోడ్డులో తినండి, ఏదీ వదలకండి. ఊటీకో కొడైకెనాల్‌కో వెళ్ళేవాళ్ళకు ఇవి పనికొస్తాయి. మళ్ళీ ఎప్పటికి వెళ్తామో తెలియదు కాబట్టి అక్కడ అన్నీ చూడాల్సిందే. సాగర్ అలా కాదు, మన పేట పక్కనే ఉంది. పక్కనున్న చెరువును పిల్లలకు ఒక్కరోజులో చూపించి ముగించకూడదు, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. అందుకే కింది సలహాలు వాడుకలో ఉన్నవాటికి అడ్డంగా ఉంటాయి. ఒకసారి పాటించి చూడండి.

1. సెలవు రోజున వెళ్ళకండి

సెలవు రోజున పిల్లలు చూసేది నీళ్ళను కాదు, ముందు నిలబడ్డవాళ్ళ వీపులను. బడి ఉన్న రోజే సాయంత్రం తీసుకెళ్ళండి. ఒంటిపూట బడుల కాలం దీనికి బాగా కుదురుతుంది. మధ్యాహ్నం ఇంటికొచ్చి, అన్నం తిని, ఓ కునుకు తీసిన పిల్లలు సాయంత్రం ఐదింటికి హుషారుగా ఉంటారు. ఎండ కూడా తగ్గుతుంది. హోంవర్కు ఒక్కపూట ఆగితే నష్టం లేదు. పార్కులకు వేళలూ సెలవులూ ఉంటాయి, అవి మాత్రం ముందే కనుక్కోండి.

2. కారు తీయకండి

పిల్లలుంటే కారే సుఖం అంటారు. పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగి, గట్టు దగ్గర పార్కింగు కోసం వెతికేసరికి పెద్దవాళ్ళకు కోపం, చిన్నవాళ్ళకు నిద్ర వస్తాయి. మనకు నేచర్‌క్యూర్ హాస్పిటల్ పేరుతో ఎంఎంటీఎస్ స్టేషన్ ఉంది. అక్కడ రైలెక్కితే తర్వాత వచ్చేది బేగంపేట. సికింద్రాబాద్ వైపు వెళ్ళే బండైతే ఆ తర్వాతి స్టేషన్ సంజీవయ్య పార్కు, నాంపల్లి వైపు బండైతే నెక్లెస్ రోడ్డు. రెండే స్టేషన్లు. ఐదేళ్ళలోపు పిల్లలకు టిక్కెట్టు అక్కర్లేదు. పెద్దపిల్లల చేత కౌంటర్లో టిక్కెట్టు కొనిపించండి, స్టేషన్ పేర్లు చదివించండి. బళ్ళు మెట్రోలా వెంటవెంటనే ఉండవు కాబట్టి వచ్చేటప్పటి వేళ కూడా చూసుకుని బయల్దేరండి. రైలు కుదరకపోతే ఆటో మాట్లాడుకోండి.

3. ఒక్కటే చూపించండి

మొదటిసారికి సంజీవయ్య పార్కు చాలు. పిల్లలు పరిగెత్తడానికి కావలసినంత పచ్చిక ఉంది. 2016 జూన్ 2న, తెలంగాణ అవతరణ దినోత్సవం నాడు ఎగరేసిన జాతీయ జెండా అక్కడుంది. ఆ స్తంభం ఎత్తు 291 అడుగులు. మన అపార్టుమెంటు ఎన్ని అంతస్తులో లెక్కపెట్టించి, అలాంటివి ఎన్ని ఒకదానిమీద ఒకటి నిలబెడితే అంత ఎత్తవుతుందో పిల్లల్నే చెప్పమనండి. పార్కుకు ఎవరి పేరు పెట్టారో కూడా చెప్పండి. దామోదరం సంజీవయ్య 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ముఖ్యమంత్రి పదవి చేపట్టిన మొదటి దళితుడు ఆయన. ఇంతటితో ఆరోజు పాఠం ఆపేయండి. ట్యాంక్‌బండ్ మీది 33 విగ్రహాలు ఇంకోసారికి. అప్పుడైనా అన్నీ చూపించక్కర్లేదు. రుద్రమదేవి, వేమన, పోతన, ఈ ముగ్గురి దగ్గర ఆగి వాళ్ళ కథలు చెబితే మిగతావాళ్ళ సంగతి పిల్లలే అడుగుతారు.

4. మొదటిసారే బోటు ఎక్కించకండి

బుద్ధుడి విగ్రహం దగ్గరికి బోటులో వెళ్ళాలని పిల్లలు మారాం చేస్తారు. రెండోసారికి వాయిదా వేయండి. ముందు గట్టునే కూర్చోబెట్టి ఆ విగ్రహం కథ చెప్పండి. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆ పని మొదలైంది. గణపతి స్థపతి ఆధ్వర్యంలో శిల్పులు ఏకశిలలో చెక్కారు. ఎత్తు 58 అడుగులు. 1990 మార్చి 10న పడవ మీద తీసుకెళ్తుండగా విగ్రహం సాగర్‌లో మునిగిపోయింది, కొందరు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్ళకు పైగా నీటి అడుగునే ఉండిపోయింది. చివరికి పైకి తీసి, 1992 డిసెంబరు 1న రాతిగుట్ట మీద నిలబెట్టారు. ప్రాణాలు పోయిన సంగతి పిల్లల దగ్గర దాచకండి. ఆ విగ్రహం అక్కడ నిలబడడం వెనక ఎందరి శ్రమ, ఎందరి బాధ ఉందో తెలిసిన పిల్లలకు రెండోసారి చేసే బోటు ప్రయాణం వట్టి షికారుగా మిగలదు.

5. కంపు వస్తే ముక్కు మూసి లాక్కెళ్ళకండి

సాగర్ గట్టు మీద కొన్నిచోట్ల కంపు కొడుతుంది. పిల్లలు అడిగితే మాట మార్చి ముందుకు నడిపిస్తాం. నిజానికి అక్కడే ఆగాలి. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్, ఈ నాలుగు నాలాలూ సాగర్‌లోకే వస్తాయి. కూకట్‌పల్లి నాలా మన పక్కనున్న బేగంపేట మీదుగానే పోతుంది. ఏళ్ళ తరబడి ఇళ్ళ మురుగూ ఫ్యాక్టరీల వ్యర్థాలూ ఆ దారిలోనే చెరువుకు చేరాయి. గుర్రపుడెక్క కనిపిస్తే అదేమిటో, మురుగునీళ్ళలో ఎందుకంత ఏపుగా పెరుగుతుందో చెప్పండి. ఈ చెరువు 1562లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో తయారైంది. 1591 నాటి చార్మినార్ కన్నా పెద్దది వయసులో. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రాకముందు ఊరివాళ్ళు ఈ నీళ్ళు తాగారు. ఒకప్పటి తాగునీళ్ళకు ఈ గతి ఎలా పట్టిందో తెలిసిన పిల్లవాడు ఇంట్లో సింకులో నూనె పారబోసే ముందు ఆగుతాడు. ఈ విహారంలో పిల్లలకు దక్కే అన్నిటికన్నా ఇది విలువైనదని నేను గట్టిగా నమ్ముతాను.

6. పిల్లలకు పని చెప్పండి, ఫోను మీరు దాచుకోండి

పిల్లల్ని హాయిగా ఆడుకోనివ్వాలి, ఫోటోలు తీసిపెట్టాలి అంటారు. ఒక్క ఫోటో చాలు, అదీ వచ్చేముందు. మిగతా సమయంలో పిల్లలకు చిన్న చిన్న పనులు అప్పగించండి. నీటికాకులు ఎన్నిసార్లు మునుగుతున్నాయో ఒకరు లెక్కపెట్టాలి. గద్ద ఎటు తిరుగుతోందో ఇంకొకరు చూడాలి. ఇంటినుంచి తెచ్చిన పులిహోర డబ్బా, నీళ్ళ సీసా, తిన్నాక చెత్త వేసే సంచి ఎవరో ఒకరు మోయాలి. ఆ సంచి ఇంటిదాకా రావాలి. అమ్మమ్మనో తాతయ్యనో తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. పిల్లల నడక, పెద్దవాళ్ళ నడక ఒక్కలాగే నెమ్మది. వాళ్ళకు తోచినంత సేపు ఒక బెంచీ మీద కూర్చోనివ్వండి. విగ్రహాలు లేనప్పటి ట్యాంక్‌బండ్ ఎలా ఉండేదో చెప్పగలిగింది వాళ్ళే.

7. పిల్లలు వద్దంటుండగానే తిరిగి రండి

ఇంకాసేపు ఉందాం అని పిల్లలు అడిగితే మనసు కరుగుతుంది, ఉండిపోతాం. ఆ తర్వాత ఆకలి, అలసట, ఏడుపు. దారి పొడుగునా గొడవే. ఇంటికి చేరేసరికి ఆ రోజంతా ఏడుపుగానే గుర్తుండిపోతుంది. గంటన్నర కాగానే లేవండి. ఇంకా ఆడాలన్న కోరిక మిగిలుండగా వచ్చేస్తే ఆ కోరికే మరో రోజు మనల్ని బయల్దేరదీస్తుంది. మళ్ళీ ఎప్పుడు వస్తామో రోజు కూడా చెప్పండి, చెప్పిన మాట నిలబెట్టుకోండి.

ఇన్ని సలహాలను తిరగేసినా ఒక్క పాత సలహాను మాత్రం ఉన్నదున్నట్టే పాటించాలి. నీటి దగ్గర పిల్లల చెయ్యి వదలకండి. చెరువు లోతు కొన్నిచోట్ల 30 అడుగుల పైనే. రెయిలింగ్ ఎక్కనివ్వకండి, లైఫ్‌జాకెట్ లేకుండా బోటు ఎక్కకండి, పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి.

అమీర్‌పేటలో మన పిల్లలకు కనిపించేవి మెట్రో స్తంభాలు, కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ళ బాల్కనీలు. ఆడుకోవడానికి సెల్లార్లు తప్ప వేరే చోటు లేని పిల్లలు చాలామంది. వాళ్ళకు ఇంత దగ్గర్లో ఇంత పెద్ద ఆకాశం, ఇన్ని నీళ్ళు ఉండి, ఏడాదికి ఒక్క ఆదివారం మాత్రం చూపించడం అన్యాయం. పెద్ద ప్రయాణం అనుకోకండి. ఈ వారంలోనే ఒక సాయంత్రం రైలెక్కించండి, వచ్చే నెల మళ్ళీ తీసుకెళ్ళండి.