దొంగ మూలల శిల్పి

అమెరికా శివారు ఇళ్లలో, నేలమాళిగను పాటలగదిగా మార్చుకున్న మధ్యవయస్కులలో, దొంగ మూలల నిర్మాతగా గుర్తించదగిన ఒక జాతి ఉంది. ఈ జాతి పుట్టుకకు పరోక్ష కారకుడు పాల్ క్లిప్ష్ (1904–2002). ఆర్కన్సా రాష్ట్రంలోని హోప్ పట్టణంలో 1946లో కంపెనీ పెట్టి ఆయన అమ్మిన క్లిప్షార్న్ అనే స్పీకర్ గది మూలలో ఒదిగి నిలిచి, రెండు గోడలనూ తన బూరకు చివరి భాగంగా వాడుకుంటుంది. బూర అంటే ఇరుకు గొంతుతో మొదలై క్రమంగా విచ్చుకునే నాళం; 40 హెర్ట్‌జ్ మంద్రస్వరపు తరంగం దాదాపు ఎనిమిదిన్నర మీటర్ల పొడవుంటుంది కనుక, దానికి తగినంత బూర ఏ పెట్టెలోనూ పట్టదు; అందుచేత క్లిప్ష్ నాళాన్ని పెట్టెలో మడతలు పెట్టి, మిగిలిన చాకిరీని జీతం బత్తెం లేకుండా ఇంటి గోడలకు అప్పగించాడు.

చిక్కేమిటంటే, పాత క్లిప్షార్న్ జతను మోజుపడి తెచ్చుకున్నవాడి గదిలో ఒక మూల తలుపు, మరో మూల కిటికీ ఉంటాయి. సామాన్యుడైతే స్పీకర్ మారుస్తాడు. ఇతడు మూలనే తయారుచేస్తాడు. దొంగ మూల అంటే లంబకోణంలో బిగించి, స్పీకర్ అంచులు దాటి ఇరువైపులా ముందుకు సాగేటట్టు నిలబెట్టిన రెండు చెక్క పలకలు. శబ్దానికి కావలసినవి బరువు, బిగువు, పలకకూ పెట్టెకూ మధ్య గాలి జారిపోకుండా ఒక ఫోమ్ పట్టీ. మందపాటి ప్లైవుడ్‌కు వెనుక అడ్డబద్దలు కొట్టి, మూలమట్టం పెట్టి చూసుకుంటే శని, ఆదివారాలలో ముగిసే పని.

అందం సంగతి అలా కాదు. అతడు పలకలకు వాల్‌నట్ వెనీర్, అనగా కాగితంలా పలుచగా తీసిన చెక్కపొర, అతికిస్తాడు. అదీ ఒకే మొద్దు నుంచి వరసగా వచ్చిన రెండు పొరలను ఎదురెదురుగా విప్పి, ఒకదాని చారలు రెండోదానికి ప్రతిబింబమయ్యేటట్టు అతికిస్తాడు. ఈ చారలు కలిసే చోటు సరిగ్గా స్పీకర్ వెనుక పడుతుంది. వచ్చిన అతిథికి పాట వినిపించే ముందు, పెట్టెను ఇద్దరు పట్టి జరిపి, టార్చిలైటు వేసి ఆ కలయికను చూపించడం అక్కడి మర్యాద. పాటకు చాలాసార్లు వేళ మిగలదు. దొంగ మూలకూ అసలు మూలకూ నడుమ ఏర్పడిన సందులో ఇల్లాలు క్రిస్మస్ సామాను సర్దుకుంటుంది, ఈ నిర్మాణం వల్ల ఇంటికి కలిగిన నికర లాభం బహుశా అదొక్కటే.

ఇటీవల కంపెనీవారు క్లిప్షార్న్ వెనుక భాగాన్ని మూసివేసి, గోడకు అతుక్కుని తీరాలన్న నిర్బంధాన్ని తొలగించారు. ఈ మార్పును అతడు హర్షించడు. అన్నీ వాళ్లే చేసి ఇచ్చాక ఇక స్పీకర్ కొనడమెందుకన్నది అతడి వాదన.