గ్రైండరోపాఖ్యానము

మా గ్రైండరు చచ్చిపోయి యున్నచో ఈ వ్యాసము వ్రాయవలసిన యగత్యమే కలిగెడిది కాదు. చచ్చిన యంత్రమునకు చేయవలసిన విధులు లోకమునకు తెలిసినవే. పాతసామానువాని కేకకై వీథివంక చెవి యొగ్గి కూర్చుండిన చాలును. మాది చావలేదు. మినపపప్పు పోసి మీట నొక్కగానే, పంచాయతీలో తీర్పు చెప్పబోవు పెద్దమనిషివలె గొంతు సవరించుకొని, తీర్పు చెప్పకయే యూరకుండును. డ్రమ్మును చేతితో ఒక్క త్రోపు త్రోసినచో తిరుగనారంభించి, పప్పు సగము నలిగి సగము నలుగని సమయమున, కాలిన రబ్బరు వాసనను వంటయింటినుండి వసారావరకు పంపి, మరల నిలిచిపోవును. పనిచేయనిదానిని పారవేయవచ్చును, పనిచేయుదానిని వాడుకొనవచ్చును. ఆదివారము తిరిగి సోమవారము అలుగు యంత్రమును ఏమి చేయవలెనో ఏ ధర్మశాస్త్రకారుడును చెప్పి పోలేదు.

చెప్పువారికి మాత్రము కొదువ లేదు. అమెరికాలోనున్న మా మేనల్లుడు ఈ సంగతి ఎట్లు వినెనో కాని, రాత్రి పొద్దుపోయినతరువాత ఫోను చేసి, "మావయ్యా, పోయిన నెల నాదీ ఇదే గొడవ. రిపేరుకు మనిషిని పిలిస్తే వాడు గుమ్మం తొక్కినందుకే డబ్బు తీసుకుంటాడు. కొత్తది పెట్టించేశాను. నువ్వూ మార్చేయ్," అని సెలవిచ్చినాడు. అతని యింట చెడినది గ్రైండరు కాదు. సింకు క్రింద బిగించి, తినగా మిగిలినదానిని నలిపి కాలువలోనికి పంపు యంత్రము. 1927లో రసీన్ అను ఊరిలో జాన్ హామ్స్ అను భవనశిల్పి దానిని కల్పించెనట. ఇచ్చట ఆ కొలువు గేటువద్దకు వచ్చు ఆవుది. ఆవు కాదన్నది తడిచెత్త బుట్టలోనికి పోవును. తినుటకు రుబ్బు యంత్రమునకు, తిని పారవేసినది రుబ్బు యంత్రము నీతి చెప్పుకాలము వచ్చినది గదా యని విచారించి, ఫోను పెట్టివేసితిని.

అయినను చూచి వచ్చిన తప్పేమని విశాఖ డాబాగార్డెన్సులో ఒక దుకాణమునకు పోతిని. అందలి కుఱ్ఱవాడు మా గ్రైండరునకు వచ్చిన రోగమేమో అడుగలేదు, "ఎన్నేళ్ళయింది సార్?" అని మాత్రము అడిగి, నేను చెప్పిన సమాధానమునకు, పోయినవారి విషయమున తలయూచినట్లు తలయూచి, మరమ్మతు ఖర్చు క్రొత్తదాని వెలలో సగము దాటినచో మార్చుటే న్యాయమని ఒక సూత్రము చదివినాడు. సగము దాటునో దాటదో విప్పి చూడక తెలియుట యెట్లని అడుగగా, "విప్పినా స్పేర్లు దొరకవు సార్, ఆ మోడల్ ఆపేశారు," అనెను. మోటారుకు అయిదేండ్ల వారంటీ యని అట్టపెట్టెమీద గుమ్మడికాయలంత అక్షరములలో వ్రాసి, బెల్టునకు, బేరింగునకు, కండెన్సరునకు, అనగా చెడువాటికన్నింటికిని అది వర్తింపదని చీమ కాళ్ళంత అక్షరములలో వ్రాసిన లోపలి కాగితమును చదువుటకు నా కళ్ళజోడు చాలలేదు. చెడనిదానికి హామీ యిచ్చుట ఎంత సులువైన వ్యాపారము!

"ఎన్నేళ్ళయింది" అను ఆ ప్రశ్న నాకు ఏల కారముగా తగిలెనో చెప్పవలెనన్న కొండయెక్కక తప్పదు. మా సింహాద్రి అప్పన్న ఏడాది పొడుగునను చందనములో మునిగియుండి, అక్షయతృతీయనాడొక్కనాడే నిజరూపముతో దర్శనమిచ్చు దేవుడు. ఆ రాత్రి ఆయనకు మరల చందనము పూయవలెను: తొలివిడతకు మూడు మణుగులు, అనగా ఇంచుమించు 125 కిలోలు, పిమ్మట వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలకు మూడేసి మణుగులు, వెరసి పన్నెండు మణుగులు. ఇది చెట్టునుండి ముద్దలుగా రాలునది కాదు. చందనపు చెక్కలను సానరాళ్ళమీద నీళ్ళు చిలుకుచు, మనుష్యులు కూర్చుండి, చేతులతో అరగదీయుదురు. మా యింటికి కావలసిన పిండి అందులో ఏ మూలకు? అయినను ఆ రాళ్ళ మోడలు ఆగిపోయినదని గాని, వాటిని ఎక్స్‌ఛేంజిలో ఇచ్చివేయుడని గాని ఇంతవరకు ఎవ్వరును అనలేదు. 1516లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి స్వామికి నగలు సమర్పించి, ఆ సంగతి రాతిమీద చెక్కించి పోయెనే గాని, పాతనగలకు తరుగు తీసి ఇచ్చెదనన్నట్లు శాసనమున లేదు.

ఒకవేళ ఆ దుకాణపు కుఱ్ఱవాడే మెట్లెక్కి పోయి, "స్వామీ, పన్నెండు మణుగులకు చేతిపని ఏమిటి, త్రీఫేజు మోటారు పెట్టింతము, డెమో చూపింతము," అన్నాడనుకొందము. ఈ క్షేత్రమున డెమో మాట ఎత్తువారు కొంచెము వెనుకముందు చూచుకొనుట మేలు. ఈ స్తంభమున నీ హరి యున్నాడా, చూపుమని ఆనాడు డెమో అడిగినవాడు హిరణ్యకశిపుడు, కోరినట్లే చూపబడినది, తరువాత ఫిర్యాదు చేయుటకు ఆయన లేడు. ఆ నరసింహుని ఉగ్రము చల్లారుటకే ఇంత చందనమనియు మా పెద్దలందురు. అట్టి చందనమును కరెంటు వచ్చి పోవుచుండెడి మోటారునకు అప్పగించి, సగము నలిగినవెనుక అది అలిగినచో, ఆ పూట కొండమీద ఎవరుందురు?

అక్కడినుండి దిగి వచ్చెదను. మా యింటిది తన్నుకొలది తిరుగు కోయంబత్తూరు రాతి గ్రైండరు. ఆ ఊరి గ్రైండర్లకు భౌగోళిక గుర్తింపు కూడ కలదు. దాని రాళ్ళకు కక్కు కొట్టించుటకు మా ఆవిడ వీథిలో పోవువానిని పిలిచి, వాడు ఉలితో కొట్టుచున్నంతసేపును ప్రక్కనే నిలుచుండెడిది. కావున ఆమె మరమ్మతు పక్షము. దేవస్థానముతోడి భూసమస్య పుణ్యమా యని ఇంటిగోడ మరమ్మతుకే అనుమతి దొరకని సింహాచలపు పంచగ్రామములలో కాపురముండు నాకును, స్వేచ్ఛగా బాగుచేయించుకొనదగిన వస్తువు ఈ గ్రైండరొక్కటే కనుక, నేనును ఆ పక్షమే.

గోపాలపట్నమునుండి వచ్చిన మెకానిక్ వయసు అడుగలేదు. బోర్లించి అడుగురేకు విప్పినాడు. బెల్టు అరిగి రాలిన నల్లపొడి, కప్పీ అంచున గట్టిపడి పొలుసులైన ఎన్నేండ్లనాటిదో మినపపిండి, అందు నివాసమేర్పరచుకొన్న బొద్దింకయు వెలికి వచ్చినవి. పొట్ట ఉబ్బిన కండెన్సరును బొటనవ్రేలితో నొక్కి, "ఇదెల్లిపోనాది బాబూ. వైండింగు కూడా మాడింది. రాయికేటి, రాయి మీ మనవలదాకా ఉంటాది. ఆ వైండింగంతా రాగితీగ. ఇప్పుడొచ్చేవోటిలో ఇంత రాగి ఎవడెడతాడు?" అనెను. మరి బాగుచేయింతమా యని అడిగితిని. "సేయించితే మంచిదే. నా తరవాత సేసేవోడు మాత్రం లేడు. మా గుంటడు సెల్లుల కొట్టెట్టినాడు," అని స్క్రూలు ఏరుకొనెను.

నా ఉద్యోగకాలమంతయు విశాఖ ఉక్కు కర్మాగారమున మరమ్మతుల శాఖలో గడచినది. 1966లో దానికై జరిగిన ఉద్యమమున ముప్పదిరెండు ప్రాణములు పోయి, 1971లో పునాదిరాయి పడిన కర్మాగారమది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకొన్న మా ఫర్నేసులను, లోపలి ఇటుక అరిగినపుడు చల్లార్చి, క్రొత్త ఇటుక పేర్చి, అదే పేరుతో మరల వెలిగించుట మా పని. మార్చుట యను మాట మా నోట వచ్చెడిది కాదు. 2021 జనవరిలో కర్మాగారమునే అమ్మివేయుదుమని ఢిల్లీలో అనుకొన్నపిమ్మట, నాతో పనిచేసినవాడొకడు కూర్మన్నపాళెము నిరసన శిబిరమున నా ప్రక్కన కూర్చుండి, "దేనికి పనికిరామురా మనం?" అని యడిగెను. నాలుగేండ్లకు 11,440 కోట్ల సాయము ప్రకటించిరి. అది మరమ్మతో, అమ్మకమునకు ముందటి మెరుగో నాకింకను తెలియదు. వాని ప్రశ్నకు నేను అప్పుడును బదులు చెప్పలేదు.

మెకానిక్ మోటారును గోనెసంచిలో వేసికొని స్కూటరుమీద పోయినాడు. ఈలోగా గోశాల కూడలిలో కొన్న ప్యాకెట్టు పిండితో ఇడ్లీలు తినుచున్నాము. వాటిని గూర్చి మరియొకప్పుడు వ్రాసెదను. నిన్న సాయంకాలము దుకాణపు కుఱ్ఱవాడు ఫోను చేసి, పండుగ ఆఫరు వచ్చినదనియు, మూడు పొత్రముల టేబుల్‌టాప్ మోడలుపై కొబ్బరితురుము పరికరము ఉచితమనియు చెప్పినాడు. అక్కరలేదని చెప్పి పెట్టివేయబోవుచుండగా, మరమ్మతు పక్షమునకు నాయకురాలైన మా ఆవిడ వంటయింటినుండి తొంగి చూచి, "ఏమండీ, ఆ ఆఫరు ఎప్పటిదాకా ఉంటుందో కనుక్కోండి," అనెను.