మా వరాఛా గాలిమేడ

ఇంటి ప్లాను విషయంలో మగవాడి మాట నెగ్గేది కాగితం మీదే. మీకూ అనుభవమే అయ్యుంటుంది. సూరత్‌లో, వరాఛాలో మేం రో హౌసు కట్టుకున్నప్పుడు నేను గీసిన కాగితాలు బీరువాలో భద్రంగానే ఉన్నాయి. ఇల్లు మాత్రం మా ఆవిడ చెప్పినట్టే తయారైంది. కాస్త ఆలస్యంగా. ఆ ఆలస్యానికి కారకుణ్ణి నేను.

రో హౌసు సంగతి తెలుసుగా? అటు గోడ, ఇటు గోడ పక్కవాళ్లతో ఉమ్మడి. కిటికీ పెడితే ముందు పెట్టాలి, లేదంటే వెనక. మధ్యలో ఇల్లు పొడుగ్గా, చీకటిగా లోపలికి పోతూ ఉంటుంది. అలాంటి ఇంట్లోకి గాలి రప్పించడం పెద్ద విద్య. ఆ విద్య నాకు పుట్టుకతోనే వచ్చనుకున్నాను.

మాది కరీంనగర్ వైపు. అక్కడ ఎండాకాలం అంటే పొడి ఎండ, వడగాడ్పు. పొద్దెక్కకముందే తలుపులూ కిటికీలూ బిగించేయాలి, వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లుకుంటూ చీకట్లో కూర్చోవాలి. ఆ పద్ధతినే ఇక్కడికి మోసుకొచ్చాను. మా ఆవిడది నరసాపురం. ఉక్కపోతలో పుట్టి పెరిగిన మనిషి.

"ఇక్కడ చంపేది ఎండ కాదండీ, చెమట. అది ఆరాలంటే ఒంటికి గాలి తగలాలి. మీరేమో ఉన్న కిటికీలు మూసేస్తారు" అంది.

"నీకు సైన్సు తెలీదు" అన్నాను. నాకూ తెలీదని అప్పటికి ఎవరూ చెప్పలేదు.

వెంటనే వెళ్లి కూలరు కొనుక్కొచ్చాను. కరీంనగర్‌లో కూలరు ముందు కూర్చుంటే దుప్పటి అడుగుతాం. నీళ్లు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాక్కోవడమే కదా కూలరు చేసే పని! సూరత్ గాలికి ముందే కడుపు నిండా తేమ. కూలరులో పోసిన నీళ్లు ఇక ఆవిరయ్యేదెక్కడ? ఉన్న తేమకి అది మరికాస్త కలిపింది. జూన్‌లో వానలు మొదలయ్యేసరికి అప్పడాలు మెత్తబడ్డాయి, స్నానాలగది తలుపు ఉబ్బి పడటం మానేసింది, నా తోలు చెప్పులకి తెల్లగా బూజు పట్టింది.

మా ఆవిడ ఒక్క మాట అనలేదు. కూలరులోంచి గడ్డి పీకేసి, అందులో ఉల్లిపాయలు పోసుకుంది. "మూడు పక్కలా గాలాడుతుంది, కుళ్లవు" అంది. నిజమే, కుళ్లలేదు.

అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? ఎండాకాలం, వానాకాలం సూరత్‌కి గాలి ముఖ్యంగా నైరుతి నుంచి, అంటే సముద్రం వైపు నుంచి వస్తుందని కనుక్కున్నాను. మా ఇంటి ముఖం పడమర. ఇంకేం, ముందు గోడకి సింహద్వారమంత కిటికీ పెట్టించాను. వచ్చినవాళ్లందరినీ దాని ముందు కూర్చోబెట్టి, "అరేబియా సముద్రం గాలండీ, తిన్నగా మనింటికే" అనేవాణ్ణి. వాళ్లు మర్యాదకి తలూపి, ఆ మర్యాదలోనే చేతిరుమాలు తీసి మెడ తుడుచుకునేవారు. పరదా మాత్రం ఫొటోకి నిలబడ్డట్టు కదిలేది కాదు. సాయంత్రం ఎండ ఒక్కటే తిన్నగా వచ్చేది.

గుట్టు విప్పింది మా అమ్మాయి. దేవుడి గదిలోంచి అగరొత్తి వెలిగించి తెచ్చి, కిటికీకి జానెడు లోపల పట్టుకుంది. పొగ కాసేపు లోపలికి రావాలా వద్దా అన్నట్టు తచ్చాడి, మెలిక తిరిగి, అదే కిటికీలోంచి బయటికి పోయింది.

"లోపలికొచ్చిన గాలి ఎటు పోవాలి నాన్నా? వెనక కిటికీ ఏది?"

వెనక కిటికీ ఉంది. దాన్ని నిలువునా కప్పేస్తూ నా ఇనప బీరువా ఉంది. అందులో ఎప్పటివో లెక్కల పుస్తకాలు, పాత రసీదులు, నేను గీసిన ప్లాన్లు.

"మీ కాగితాలు కదిల్తే గానీ గాలి కదలదు" అంది మా ఆవిడ. బీరువా మేడమీదికి పోయింది. ముందు కిటికీకి సన్‌షేడ్ పడింది. అంతలోనే ఆవిడ మేస్త్రీని మెట్ల మీదికి తీసుకెళ్లింది.

వాళ్ల అమ్మమ్మగారిది మండువా లోగిలి. నాలుగు పక్కలా గదులు, నడుమ ఆకాశం. వాన పడితే నీళ్లు ఇంటి మధ్యలోనే పడతాయి. వేడి ఆ నడిమి ఖాళీలోంచి పైకి పోతుంది, గదుల్లోకి కొత్త గాలి వస్తుంది. రో హౌసులో మండువా ఎక్కడ పెడతాం? ఆవిడ మెట్లదారినే మండువా చేసేసింది. పావురాలొస్తాయని నేను మూయించిన మెట్ల గది గోడని పైన కొట్టించి జాలీ పెట్టించింది, దానికి వల కట్టించింది. రాత్రి బయట చల్లబడితే చాలు, ఇంట్లో వేడి మెట్లెక్కి వెళ్లిపోతుంది, కింద కిటికీల్లోంచి చల్లగాలి వస్తుంది. దీన్ని స్టాక్ ఎఫెక్ట్ అంటారని ఇప్పుడు అతిథులకి వివరించేది నేనే. ఆవిడ కాఫీ ఇస్తూ వింటుంది.

2023 డిసెంబరులో ఖజోద్‌లో సూరత్ డైమండ్ బోర్స్ ప్రారంభించారు కదా. తొమ్మిది టవర్లు, ఒక్కోటి పదిహేను అంతస్తులు, వాటిని కలుపుతూ మధ్యలో పొడవాటి నడవ. గాలిని ఒడిసిపట్టేలా ఆ నడవ కొసల్ని వెడల్పు చేసి కట్టారు. మా వీధిలో సౌరాష్ట్ర నుంచి వచ్చిన వజ్రాల పనివాళ్లు చాలామంది, వాళ్ల నోట ఎప్పుడూ దాని మాటే. ఓ రోజు అటువైపు వెళ్లినప్పుడు మా ఆవిడతో అన్నాను, "చూశావా, గాలి దిక్కు చూసి కట్టారు, అచ్చం నా కిటికీలాగే."

"వాళ్లు రెండో కొసకి బీరువా అడ్డం పెట్టలేదండీ" అంది.

ఇప్పుడు ముందు కిటికీకీ మెట్లకీ మధ్య, గాలి బాగా ఆడే చోట, గుజరాతీ ఇళ్లలోలాగే హీంచ్కో వేలాడుతోంది. ఆ ఊయల మా ఆవిడది. నాకు దాని పక్కన కుర్చీ వేశారు. ఊయల ఇటు వచ్చినప్పుడల్లా నాకూ కొంచెం గాలి తగులుతుంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మే చివర్లో ఆకు కదలని, బయటా చల్లబడని రాత్రులుంటాయి. జాలీలూ మండువాలూ అప్పుడు పనిచేయవు, ఏసీ వేయాల్సిందే. రిమోటు ఎవరి దగ్గరుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.