అచ్చంపేటకు గాజు కొలిమి

అచ్చంపేటలో సర్కారు గాజు ఫ్యాక్టరీ పెట్టాలన్న డిమాండును ఈ వారం నేనే మొదలుపెడుతున్నా. ఏ నాయకుడైనా తన ఖాతాలో వేసుకోవచ్చు, అభ్యంతరం లేదు.

గాజుకు పలుగురాయి కావాలి. పాలమూరు గుట్టల్లో దానికి కరువు లేదు. ఇన్నాళ్లూ తవ్వి లారీలకెత్తడమే మన పరిశ్రమ. రాయి పోతుంది, రాయి వెనక కూలీలు పోతారు. రాయి సీసాలై తిరిగొస్తుంది, అదీ నిండు సీసాలై. కూలీలు మాత్రం పండక్కే వస్తారు.

కరెంటుకూ ఢోకా లేదు. నల్లమలలో శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం 900 మెగావాట్లది. సోడా యాష్ గుజరాత్ నుంచి తెప్పించుకోవాలి, తప్పదు. సున్నపురాయికి మాత్రం ఎక్కడికీ పోనక్కర్లేదు. ఏ ఊరి పొలిమేరలో చూసినా శంకుస్థాపన శిలాఫలకాలున్నాయి. నల్ల గ్రానైటువి పక్కన పెట్టి పాలరాతివి ఏరుకోండి. పాలరాయి అంటే క్యాల్షియం కార్బొనేటే. కొలిమిలో పడితే పేర్లూ పదవులూ పోయి సున్నం మిగులుతుంది. ఎన్నికల ముందు తనంతట తానే నిండే గని దేశంలో ఇదొక్కటే.

ఇక రవాణా. అచ్చంపేటకు రైలు లేదనకండి, నొచ్చుకుంటారు. సర్వే ఉంది. గద్వాల–మాచర్ల లైను కోసం తాతలు అర్జీలు పెట్టారు, ఇప్పుడు మనవళ్లు పెడుతున్నారు. 2013లో గద్వాల నుంచి రైలు కదిలింది, పడమటికి, రాయచూరు దిక్కు. మాచర్ల ఇంకా కాగితం మీదే ఉంది. ఈ మధ్య డోర్నకల్–గద్వాల అని మరో సర్వే మొదలైంది. పట్టాలు రాకున్నా గొలుసులు పట్టుకుని కొలిచేవాళ్లకు పని దొరుకుతోంది, ఉపాధి హామీ అంటే ఇదే కాబోలు.

రైల్వే వాళ్లనడిగితే, "సరుకు చూపెట్టుండ్రి, లైనేస్తం" అంటారు. పరిశ్రమల శాఖనడిగితే, "లైను చూపెట్టుండ్రి, ఫ్యాక్టరీ ఇస్తం" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతారు, అదే చిక్కు. భువనగిరిలో ప్రైవేటు సీసాల ఫ్యాక్టరీ నడుస్తోందంటే, ఆ ఊరికి రైలు ముందే ఉంది మరి.

రోడ్డున్నది కదా అంటారా? గాజు కొలిమి 1500 డిగ్రీల దగ్గర మండుతుంది. ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి ఆర్పరు. ఆరితే లోపలి గాజు గడ్డకట్టి కొలిమే పాడైపోతుంది. పలుగురాయికి తోడు చిల్లకూరు తెల్ల ఇసుక తెప్పిస్తే, ఆ లారీ నల్లమల దారిన వస్తోందనుకోండి. రాత్రి తొమ్మిదికి దోమలపెంట–మన్ననూరు గేట్లు పడతాయి. పొద్దున ఆరు దాకా ఆ రోడ్డు పులులది. పులి పక్షమే నాదీ, అడవి దానిది. కొలిమికి మాత్రం రాత్రి తొమ్మిదికి ఆకలి కావద్దని ఎవరో జీవో ఇవ్వాలి.

మూతపడుతుందన్న బెంగ నాకు లేదు. 1937 నాటి బోధన్ నిజాం షుగర్స్ చుట్టూ చెరకు ఉండేది, రైలూ ఉండేది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది, 2015లో తాళం పడింది. అన్నీ ఉన్నదానికే ఆ గతి పట్టింది కాబట్టి, ఏదీ అందని ఫ్యాక్టరీని మూయడానికి ప్రత్యేకంగా ఎవరూ కష్టపడనక్కర్లేదు.

మొదటి ఆర్డరు నేనే ఇస్తున్నా: గద్వాల–మాచర్ల సర్వే ఫైళ్లు భద్రపరచడానికి అద్దాల బీరువాలు. సికింద్రాబాద్ రైల్ నిలయానికి పంపాలి. లారీలో వరిగడ్డి మందంగా పరచండి, గుంతల రోడ్డు.