సాగిన కాలు, సాగదీసిన ప్రశ్న

కాలు పొడిగింపు శస్త్రచికిత్స చేయించుకొని, నెలల తరబడి సెలవు ముగించుకొని, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చేతబట్టుకొని విధుల్లో చేరే ఉద్యోగికి అత్యంత దుర్భరమైన దశ ఏదని విచారిస్తే, చేరిన నాటి నుంచి పక్షం రోజులపాటు ప్రతి బల్ల దగ్గరా ఎదురయ్యే "ఎంత పెరిగారండీ?" అన్న ప్రశ్నేనని తేలుతుంది. విస్సన్నపేట వంటి మండల కేంద్రంలో ఈ ప్రశ్న కార్యాలయంతో ఆగక బస్టాండుకు, టీ కొట్టుకు, మామిడి కాపు కాలమైతే తోట గట్టుకు కూడా వెంటబడుతుంది. అడిగేవారు ముందు తల వైపు చూసి, ఆపై కాలి వైపు చూసి, చివరకు తమ భుజంతో కొలుచుకొని పెదవి విరుస్తారు.

కాలు పొడిగింపంటే ఎత్తు పెరగడమేనన్న ఈ అపోహకు కారణం లేకపోలేదు. 2016లో హైదరాబాదులో ఒక యువ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఎత్తు పెరిగేందుకు ఇంట్లో చెప్పకుండా ఈ శస్త్రచికిత్స చేయించుకోవడం పత్రికలకెక్కింది. అయితే సోవియట్ వైద్యుడు గవ్రీల్ ఇలిజారోవ్ 1950లలో సైబీరియాలోని కుర్గాన్ ప్రాంతంలో ఈ పద్ధతిని రూపొందించింది విరిగి అతకని, కురచైన కాళ్ల కోసం. ఎముకను కోసి, చర్మం వెలుపల ఉక్కు రింగులను తీగలతో బిగించి, వారం రోజులు ఆగి, ఆపై మరను రోజుకు నాలుగు విడతలుగా పావు మిల్లీమీటరు చొప్పున తిప్పుతూ పోతే ఆ సందులో కొత్త ఎముక పుట్టుకొస్తుంది. దీనినే వైద్యులు డిస్ట్రాక్షన్ ఆస్టియోజెనిసిస్, అనగా ఎడం చేసి ఎముకను పుట్టించడం, అంటారు. 4 సెంటీమీటర్లకు 40 రోజుల తిప్పుడు, అది గట్టిపడడానికి సెంటీమీటరుకు నెలకు పైగా నిరీక్షణ. బండి మీద నుంచి పడి ఒక కాలు కురచైన మనిషి ఇంత తంటా పడి సాధించేది రెండో కాలితో సమానత్వమే. ఆరోగ్యంగా ఉన్న కాలి మీద నిలబడినప్పుడు తల ఎక్కడుండేదో, ఇప్పుడూ అక్కడే ఉంటుంది.

"ఎంత" అన్న ప్రశ్న వచ్చింది గనుక కొలత అనే విషయాన్ని ఇక్కడ కొంత విపులంగా పరిశీలించవలసి ఉంది. తెలుగువారి పాత నిడివి కొలమానాలు చాలావరకు అవయవాలే: జానెడు చాచిన బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస వరకు, మూరెడు మోచేతి నుంచి నడిమివేలి కొస వరకు, బారెడు చాచిన రెండు చేతుల నిడివి. పూల దగ్గర నేటికీ మూరే ప్రమాణం; ఆ మూర అమ్మే మనిషిదే గాని కొనే మనిషిది కాదన్నది మల్లెపూలు కొన్న ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఇలిజారోవ్ పద్ధతి ముంజేతి ఎముకలకూ వర్తిస్తుంది గనుక, పూలమ్మే ఆమె చేయి 5 సెంటీమీటర్లు సాగితే మూరకు 5 సెంటీమీటర్ల దండ నష్టపోవలసి వస్తుంది. అప్పుడు పాత మూర, కొత్త మూర అని రెండు ధరలు పెట్టాలా, తూనికలు కొలతల శాఖవారు ఎక్స్‌రే తీసి ముద్ర వేయాలా, మర తిప్పే 50 రోజుల్లో పెళ్లిళ్లు పడితే ధర రోజుకో మిల్లీమీటరు చొప్పున సవరించాలా అన్న చిక్కులు పుట్టుకొస్తాయి. చేయి ఎంత సాగినా పొట్ట మాత్రం జానెడేనన్నది ఈ శాస్త్రంలో మారని ఏకైక సూత్రం.

తిరిగి కార్యాలయానికి వస్తే, ఎముకను సాగదీయడానికి రోజుకు మిల్లీమీటరన్న నియమమైనా ఉంది. సెలవు జీతం ఫైలును సాగదీయడానికి అదీ లేదు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం కలిగిన వ్యక్తిని ప్రభుత్వ సంస్థ తొలగించరాదని, హోదా తగ్గించరాదని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతుంది. చట్టం కాపాడిన ఆ కుర్చీ మాత్రం చాలాచోట్ల మేడ మీద ఉంటుంది, మెట్లకు పట్టుకునే కమ్మీ ఉండదు.

ఇంతకూ, కాలు కురచగా ఉన్న ఏళ్లలో ఆ మనిషి ఎలా నడుస్తున్నాడని అడిగినవారు లేరు. అడగకపోగా, ఊరు అతని పేరుకు ముందు "కుంటి" అన్న రెండక్షరాలు తగిలించి ఊరుకుంది. కాళ్లు సమమైన తరువాత కూడా టీ కొట్టు దగ్గర ఆ పేరే వినబడుతుంది. ఎముకను 4 సెంటీమీటర్లు పెంచే మర ఉంది గాని, పేరును రెండక్షరాలు తగ్గించే మర ఇంకా రాలేదు.

కనుక చదువరులు అటువంటి ఉద్యోగి ఎదురైనప్పుడు తల వైపు చూడనక్కరలేదు. ఒక కుర్చీ జరిపి, అసలు పేరుతో పిలిస్తే చాలు.